పెట్టెకు చోటు

“దానంతట అదే పేలితే?” అంది ఆమె.

పిస్తోలు ఇంకా కొననే లేదు. కొట్టు గుమ్మం తొక్కనే లేదు. భర్త అప్పుడే స్నానం చేసి వచ్చి, తడి తువ్వాలు చేత్తో పట్టుకుని, దాన్ని ఎక్కడ ఆరేయాలో తెలియనివాడిలా గది మధ్యలో నిలబడ్డాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ తువ్వాలు ఆరేసేది తలుపు వెనక మేకుకే.

“పేలదు,” అన్నాడు.

“మీకేం తెలుసు? మొన్న బల్ల మీద గ్లాసు దానంతట అదే పగల్లేదూ? ఎవరు ముట్టుకున్నారు దాన్ని?”

“గ్లాసు వేరు.”

“అన్నీ వేరే మీకు.”

తువ్వాలు ఆయన చేతిలోంచి లాక్కుని మేకుకు తగిలించింది. కిటికీ బయట మంచు ఇంకా విడలేదు. ఎదురింటి గోడ ఉందో లేదో అన్నట్టుంది. అలాంటి పొద్దుల్లో ఆమెకు వీధి వీధంతా ఎవరో సబ్బునీళ్ళలో నానబెట్టి మరిచిపోయినట్టు అనిపిస్తుంది.

ఆమె భయానికి వేళాపాళా లేదు. మబ్బు పట్టకముందే ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చేస్తుంది. పిల్ల తుమ్మకముందే నీళ్ళు కాస్తుంది. “రేపు నిజంగా ఏడవాల్సి వస్తే నీ కళ్ళలో చుక్క ఉండదే చెల్లీ, అన్నీ ముందే వాడేస్తున్నావు” అని తాను పనిచేసే లాండ్రీలో ఇస్త్రీ అక్క వెక్కిరిస్తుంది. అయితే ఈసారి భయం ఆమె ఊహించి తెచ్చుకున్నది కాదు. పక్కింటి మామ్మగారి ఇంట్లో దొంగ పడ్డాడు. వెనక కిటికీ ఊచ వంచి లోపలికి వచ్చి, రేడియో, కొత్త దుప్పటి పట్టుకుపోయాడు. ఆవిడకు మెలకువ వచ్చింది కూడాను.

“మంచం కాళ్ళ దగ్గర నిలబడి ‘పడుకోండి, పడుకోండి’ అన్నాడమ్మా, అచ్చం మా పెద్దాడు అన్నట్టే! నేనూ పడుకున్నాను!” అని మామ్మగారు వీధంతా చెప్పి నవ్వుతోంది. వీధంతా నవ్వింది. ఆమెకు నవ్వు రాలేదు. ఆ ‘పడుకోండి’ అన్న మాట, తాను వినని గొంతు, ఆమె చెవిలో కాపురం పెట్టింది. పిల్ల మంచం పక్కన ఎవరో నిలబడి మెల్లగా ఆ మాట అంటున్నట్టు, అంట్లు తోముతున్నప్పుడు కూడా వినిపించేది.

“మనం ఒక పిస్తోలు కొనుక్కుంటే?” అని వడ్డిస్తూ వడ్డిస్తూ అడిగింది ఆయన్ని. వద్దంటాడనే అనుకుంది. గొడుగు కొనడానికి రెండు వానాకాలాలు ఆలోచించిన మనిషి.

“కొందాం,” అన్నాడు. కంచంలోంచి తల ఎత్తలేదు.

అంత సులువుగా ఒప్పుకున్నాడని ఆమె లోపల సంబరపడింది కూడా. లైసెన్సు ఆఫీసుకు ఇద్దరూ కలిసే వెళ్ళారు. బల్ల వెనక గుమస్తా ఆయన్ని అడిగిన ప్రశ్నలన్నిటికీ ఆమే జవాబు చెప్పింది. తాగుతారా అంటే, “వాసన కూడా పడదండీ.” కోపం ఎక్కువా అంటే, “ఈయనకా? చీమ కుడితే చీమకే దెబ్బ తగిలిందేమోనని చూస్తారు.” గుమస్తా నవ్వి ముద్ర కొట్టాడు. ఆయన కూడా పెదవి ఒక పక్కనుంచి నవ్వాడు. వాళ్ళ కాపురంలో అది అలవాటే. ఆయన నోరు తెరిచేలోపు ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చేస్తుంది. ఆయన తెరిచిన నోరు మూసుకుంటాడు. అన్యోన్యం అంటే అదేనని ఆమె నమ్మకం.

ఇప్పుడు లైసెన్సు చేతికొచ్చాక, భయం తలుపు అవతలి నుంచి ఇవతలికి వచ్చి కూర్చుంది.

“ముందే చెప్తున్నాను,” అంది తువ్వాలు మడతలు సవరిస్తూ. “పిచ్చుక చేతికి అందేటట్టయితే మాత్రం వద్దు.” పిచ్చుక వాళ్ళ కూతురు. తొమ్మిదేళ్ళది. ఏదీ ఒకచోట కూర్చుని తినదని ఆ పేరు. “తూటాలు ఒకచోట, అది ఒకచోట ఉండాలి. ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా ఆ రోజు తాళం వాళ్ళ దగ్గర ఉండటానికి వీల్లేదు.”

“కోపం వచ్చేది నీకే కదా.”

“అందుకే అంటున్నా. నాకు కోపం వస్తే తాళం మీ దగ్గర ఉండాలి. అబ్బే, మీరు పారేస్తారు. మామ్మగారి దగ్గర పెడితే...”

“మామ్మగారు దొంగకిచ్చి పడుకుంటారు,” అన్నాడు ఆయన.

ఆమె పకపకా నవ్వింది. ఆయన హాస్యమాడి ఎన్నాళ్ళో అయింది. ఆ నవ్వులోనే వేలు చూపించి, “నవ్వులాట కాదు. వీటిల్లో ఏ ఒక్కటి కుదరకపోయినా మన ఇంట్లోకి అది రాదు. సరేనా?” అంది.

ఆయన చొక్కా తొడుక్కుంటున్నాడు. తిరగేసి తొడుక్కున్నాడు. ఆమె విప్పించి సరిగ్గా తొడిగింది.

కొట్టు సంత వెనక సందులో ఉంది. పిస్తోళ్ళు అమ్మే చోటు ఇనుము వాసన వేస్తూ చీకటిగా ఉంటుందని ఆమె అనుకుంది. అక్కడ చూస్తే చేపల గాలాలు, రబ్బరు బూట్లు, లాంతర్లు. పైకప్పు నుంచి దారాలకు వేలాడుతున్న, గాలాలకు కట్టే ఎర్ర, తెల్ల బెండ్లు. తలుపు తీసినప్పుడు వచ్చిన గాలికి అవన్నీ ఒకేసారి మెల్లగా ఊగాయి. నీటి అడుగున నిలబడి పైకి చూస్తున్నట్టు ఉందామెకు. దుమ్ము పట్టిన అద్దాల్లోంచి ఎండ పచ్చగా దిగుతోంది.

కొట్టు పెద్దాయనకు ఒక చెవి వినపడదు. వినపడే చెవి ముందుకు పెట్టి, అరచెయ్యి దాని వెనక చేర్చి, మనిషి మనిషంతా చెవి అయిపోయి వింటాడు. బల్ల మీద ఉన్నిగుడ్డ పరిచి, పక్క సర్దినట్టు అంచులు లాగి, దాని మీద పిస్తోలు పెట్టాడు.

“పట్టుకోమ్మా.”

ఆమె చేతిరుమాలు తీసి, పొయ్యి మీద గిన్నె దించేటప్పటిలా రెండు వైపులా గుడ్డ పెట్టి పట్టుకుంది. పెద్దాయన మీసాల్లో నవ్వుకున్నాడు. “కాలదులే.”

“చల్లగా ఉంది, అదే భయంగా ఉంది,” అని వెంటనే దించేసింది.

భర్త దాన్ని తీసుకున్నాడు. అరచేతిలో కాసేపు ఉంచుకున్నాడు. తిప్పి చూడలేదు, ఏమీ అడగలేదు. మళ్ళీ బల్ల మీద పెట్టినప్పుడు, ఉన్నిగుడ్డలో అది ఇంతకుముందు చేసిన గుంట ఏదైతే ఉందో అందులోనే, అంచు తప్పకుండా పెట్టాడు. పెద్దాయన ఆ చేతినే చూస్తున్నాడు.

“ఇంట్లో ఎవరెవరు ఉంటారు?”

ఆమె చెప్పింది. పిల్ల గురించి చెప్పింది. పిల్లకు ఏ ఎత్తు వరకు చెయ్యి అందుతుందో తన భుజం మీద గీత గీసి చూపించింది. మామ్మగారి దొంగ గురించి చెప్పింది. పెద్దాయన మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక, “ఇంట్లో నిద్ర సరిగా పట్టనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?” అన్నాడు.

“నేనేనండీ బాబాయ్ గారూ. పిల్లి అడుగేసినా లేస్తాను.”

“ఆయనో?”

“ఆయనా! మొద్దు నిద్ర. పక్క మీద వాలితే మళ్ళీ తెల్లారి వరకు అటు నుంచి ఇటు కదలరు.”

ఆయన బెండ్ల కింద నిలబడి ఉన్నాడు. ఒకటి ముట్టుకుని, ఊగించి, దాని ఊపు ఆగేదాకా చూశాడు. పెద్దాయన వినపడే చెవిని ఆయన వైపు తిప్పి కొంచెంసేపు అలాగే ఉంచాడు. చివరికి చెయ్యి దించేశాడు.

“ఇవాళ అమ్మను,” అన్నాడు.

“అదేంటండీ? లైసెన్సు ఉందిగా!”

“మీకుంది. మీ ఇంటికి లేదుగా.” బల్ల కింది నుంచి ఇనప పెట్టె ఒకటి తీశాడు. బిస్కట్ల డబ్బా అంత ఉంది, దానికో చిన్న తాళం. మూత తెరిచాడు. లోపల మందపాటి గుడ్డతో కుట్టిన ఇసుక సంచి. “మా నాన్న పెట్టిన పద్ధతి ఇది. నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఇది కూడా దానంత బరువే. పట్టుకెళ్ళి, ఇదే అదనుకుని ఇంట్లో చోటు చూడండి. ఎక్కడ పెడతారు, తాళం ఎవరి దగ్గరుంటుంది, అన్నీ. కుదిరితే రండి. ఇస్తాను.”

“కుదరకపోతే?”

“పెట్టె తెచ్చి ఇచ్చేసి గాలం ఒకటి కొనుక్కెళ్ళండి. చేపలకు తప్ప ఎవరికీ నష్టం లేదు.”

ఆమెకు ఆ పెద్దాయన నచ్చాడు. తనకన్నా ముందుగా భయపడే మనిషి ఊళ్ళో ఒకడున్నాడన్నమాట. సంచిని పైకి తీసి కుట్టు చూసింది. చేతికుట్టే, దగ్గర దగ్గరగా, రెండు వరసలు. లోపల ఇసుక పిండిలాంటిది. బొటనవేలితో నొక్కితే ఆ నొక్కు అలాగే ఉండిపోయింది. అరచేత్తో దువ్వి సాపు చేసి, లోపల పెట్టి మూత వేసింది.

దారంతా పెట్టెను ఆయనే మోశాడు. మధ్యలో ఆమె అందుకోబోతే ఇవ్వలేదు.

ఆ పెట్టె ఇంట్లోకి వచ్చాక ఇంటి కొలతలు మారిపోయాయి. బీరువా పైన పెట్టింది. పిల్ల కుర్చీ ఎక్కితే అందుతుంది. అటక మీద పెట్టింది. దొంగ వస్తే నిచ్చెన వేసుకుని ఎక్కేలోపు వాడు అన్నం తిని కూడా పోతాడు. మంచం కింద పెడితే తన ఒంటి కిందే ఏదో ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించింది. వంటగదిలో పెడితే పొయ్యి వేడి. ఎక్కడ పెట్టినా అక్కడి నుంచి పెట్టె ఆమెను చూసేది. సాయంత్రం ఇంటికొచ్చి తలుపు తీయగానే ముందు పిల్లను చూడాల్సింది పోయి పెట్టెను చూస్తోంది. “చుట్టం వచ్చి పోనట్టుంది” అని తనలో తాను గొణుక్కుంది. చివరికి బీరువా లోపల, చలి దుప్పట్ల వెనక సర్దింది. చోటు కుదిరింది కాబట్టి ఇక తాళం సంగతి.

తాళంచెవి దాచి, పిచ్చుకను పిలిచింది. దాచిన చోటు పిల్లకు దొరికితే ఆ చోటు పనికిరాదు. ఆమె పరీక్ష అది. పిల్లకు మాత్రం ఆట.

“ఇంట్లో ఎక్కడో చిన్న తాళంచెవి ఉంది. వెతుకు చూద్దాం.”

“దొరికితే?”

“దొరికితే నీ గొప్ప.”

మొదట బొత్తాల డబ్బాలో దాచింది. పిచ్చుక మంచం కింద దూరింది, చెప్పులు దులిపింది, పూలకుండీలో మట్టి తవ్వింది. ఆమె అన్నం వార్చి వచ్చేసరికి తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతోంది.

“ఎలా దొరికిందే?”

“నాన్న చెప్పాడు.”

“నాన్నకెలా తెలుసు?”

పిల్ల భుజాలు ఎగరేసింది. ఆయన అరుగు మీద కూర్చుని వీధిలో మంచు చూస్తున్నాడు. నేను దాస్తుంటే చూసుంటారులే, అనుకుంది.

మర్నాడు లాండ్రీలో ఇస్త్రీ అక్కకు ఈ సంగతి చెప్పి నవ్వించింది. లాండ్రీ లోపల ఎప్పుడూ ఆవిరే. పది అడుగుల దూరంలో ఉన్న అక్క కూడా కలలో మనిషిలా సగం సగం కనిపిస్తుంది. గొంతు మాత్రం నిండుగా వస్తుంది. ఆమె పని జేబులు చూడటం. ఉతుకుకు పోయే ముందు ప్రతి బట్టకూ జేబులు బయటికి లాగి, దులిపి, గుర్తు గుడ్డముక్క కుట్టి పంపాలి. జేబుల్లో ఏవేవో వస్తాయి. గులకరాళ్ళు, సగం కొరికిన పిప్పరమెంటు, ఎవరి పాప పాలపన్నో కాగితంలో చుట్టి. జేబు చూస్తే మనిషి తెలుస్తాడని ఆమె గట్టి నమ్మకం. కన్నీళ్ళు తుడుచుకున్న రుమాలు, చెమట తుడుచుకున్న రుమాలు ముట్టుకుని చెప్పగలదు.

“మా ఆయన జేబులో మాత్రం ఈమధ్య బస్సు టిక్కెట్టు ముక్క కూడా ఉండదక్కా. అంత శుభ్రం.”

“అదృష్టవంతురాలివి. మా ఆయన జేబు దులిపితే నేల ఊడవాలి.”

“అలాంటాయన తాళం కనిపెట్టాడంటే చూడు! కళ్ళజోడు ముక్కు మీద పెట్టుకుని కళ్ళజోడేదీ అని ఇల్లంతా తిరిగే మనిషి.”

ఆవిరిలోంచి అక్క నవ్వింది. “మగాళ్ళంతే చెల్లీ! పెళ్ళాం దాచింది తప్ప ఇంకేదీ కనపడదు వాళ్ళకి.”

ఆమె కూడా నవ్వింది. ఇద్దరూ దుప్పటి మడత పెట్టడానికి చెరో కొసా పట్టుకున్నారు. లాగి, విదిలించి, దగ్గరికి నడిచి, కొసలు కలిపి, మళ్ళీ దూరం జరిగి. తెల్లటి దుప్పటి మధ్యలో గాలి నిండి లేచింది, దాని వెనక అక్క మాయమైంది, మళ్ళీ వచ్చింది.

ఆ సాయంత్రం తాళం పాత చలికోటు చేతి మడతలో దాచింది. ఈసారి చుట్టూ చూసుకుంది. ఆయన తాను పనిచేసే బస్సు డిపో నుంచి ఇంకా రాలేదు. పిల్ల మామ్మగారి ఇంట్లో ఉంది. ఎవరూ చూడలేదు. భోజనాలయ్యాక ఆట మొదలైంది. పిచ్చుక వెతికి వెతికి, మూతి ముడుచుకుని, నాన్న పక్కన చేరి చెవిలో ఏదో గుసగుసలాడింది. తిన్నగా చలికోటు దగ్గరికి వెళ్ళింది. కుడిచెయ్యి కూడా కాదు, సరిగ్గా ఎడమచెయ్యే పట్టుకుంది.

“మళ్ళీ నాన్నేనా?” అంది ఆమె. గొంతు మామూలుగానే వచ్చింది. “మీరు భలేవారండీ! నా ఆట చెడగొడుతున్నారు. ఎలా తెలిసింది మీకు?” అని, ఆయన నోరు విప్పేలోపే, “కోటు ఉబ్బెత్తుగా కనపడుంటుంది,” అని తనే చెప్పేసుకుంది.

ఆయన అవునన్నట్టు తలూపాడు.

ఆయన మునుపు బస్సు నడిపేవాడు. ఒక వానరోజున సైకిలు మీద వచ్చిన మనిషి చక్రాల కింద పడి పోయాడు. తప్పు డ్రైవరుది కాదని డిపో అంతా అంది, చూసినవాళ్ళూ అన్నారు. ఆయన మాత్రం వెళ్ళి, బస్సులు కడిగేచోట పని ఇమ్మని అడిగి తీసుకున్నాడు. ఆమెకు అప్పుడు గుండెల మీద బరువు దిగినట్టే ఉంది. ఇక రోడ్డు భయం లేదు. ఇన్నేళ్ళుగా ఆయన తిరిగొచ్చేదాకా గుమ్మంలో నిలబడే బాధ తప్పింది. సాయంత్రం వేళకు ఇంటికొస్తాడు, పెట్టింది తింటాడు, పక్క మీద వాలి కళ్ళు మూసుకుంటాడు. ఇంతకన్నా ఏం కావాలి?

ఆ మర్నాడు ఆమెకు సెలవు. పిల్ల బడికి, ఆయన పనికి వెళ్ళాక, కిటికీ కర్టెన్ దించి ఒళ్ళో వేసుకుంది. అంచు కుట్టు రెండు వేళ్ళ మేర విప్పింది. తాళంచెవి లోపల జార్చి, అదే రంగు దారంతో, అదే దూరంలో కుట్లు వేసింది. ఎంత బాగా వేసిందంటే, పూర్తయ్యాక ఏది పాత కుట్టో ఏది కొత్తదో తనకే తెలియలేదు. కర్టెన్ మళ్ళీ తగిలించి వెనక్కి జరిగి చూసింది. తేడా లేదు. పోగుకు పోగు సరిపోయింది. హాయిగా ఊపిరి తీసుకుంది. పెట్టెకు చోటు కుదిరింది, తాళానికీ కుదిరింది. రేపు కొట్టుకు వెళ్ళి చెప్పొచ్చు.

రాత్రి భోజనాల దగ్గర పిచ్చుక ఓడిపోయింది. మంచాలు, డబ్బాలు, జేబులు అన్నీ అయిపోయాయి. చలికోటును తలకిందులు చేసి దులిపింది. వచ్చి కంచం ముందు కూలబడి, “ఈసారి నాన్నకు కూడా తెలీదు! అమ్మ గెలిచింది!” అంది.

“కర్టెన్ అంచులో,” అన్నాడు ఆయన.

గొంతులో గెలుపు లేదు. ఉప్పు అందుకోమన్నట్టు అన్నాడంతే. అని, మంచినీళ్ళ గ్లాసు తనకు ఎదురుగా ఉన్నా కనపడక, “నీళ్ళేవీ?” అని అడిగాడు.

పిచ్చుక కర్టెన్ దగ్గరికి ఎగిరి, అంచు తడిమి, “ఉంది! ఉంది!” అని గంతులేసింది. ఆమె నీళ్ళ గ్లాసు ఆయన చేతికి దగ్గరగా జరిపింది. ఈసారి కారణం వెతుకుదామంటే దొరకలేదు. ఎవరూ చూడలేదు. ఉబ్బెత్తు లేదు. ఆ కర్టెన్ ముందు తానే నిలబడి తేడా కనుక్కోలేకపోయింది.

పొద్దున్న ఇద్దరూ వెళ్ళిపోయాక, లాండ్రీకి పోవడానికి చెప్పులు వేసుకున్నదల్లా ఆగింది. చెప్పులతోనే లోపలికి వచ్చింది. కర్టెన్ అంచు తడిమింది. తాళంచెవి ఉంది. దారం కొసలు పళ్ళతో తెంపి, తాళం తీసి, బీరువా తెరిచి, చలి దుప్పట్లు ఒక్కొక్కటే పక్కకు జరిపింది. దుప్పట్లు ఆమె పెట్టిన వరసలోనే ఉన్నాయి. పెట్టె ఆమె పెట్టిన చోటే ఉంది. మూత తెరిచింది.

ఇసుక సంచి సాపుగా లేదు.

ఒక పక్క లోతుగా ఒక గుంట, ఇంకో పక్క వరసగా నాలుగు. ఎవరో గట్టిగా పట్టుకుని, చాలాసేపు పట్టుకునే కూర్చుని, మళ్ళీ జాగ్రత్తగా దాని చోట పెట్టినట్టు. బొత్తాల డబ్బాలో ఉన్నప్పుడో, కోటు చేతిలో ఉన్నప్పుడో, తాళం ఆమెకు తెలియకుండా ఇంకొక చేతిలోకి వెళ్ళి వచ్చింది. ఆమె తన వేళ్ళను ఆ గుంటల్లో పెట్టింది. ఒక్కో గుంటలో ఆమె వేలు పోను ఇంకా చోటు మిగిలింది.

కిటికీలోంచి మంచు లోపలికి వస్తున్నట్టే ఉంది. ఆమె నేల మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ తాను పెట్టిన షరతులు, గుమస్తా అడిగిన ప్రశ్నలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పిల్ల, తాగుడు, కోపం, దొంగ. వాటన్నిటిలోనూ ఆయన నెగ్గాడు. ఎవరు అడిగినా ఆయన తరఫున తానే చెప్పి, తానే నెగ్గించింది.

పెట్టెకు తాళం వేయలేదు. సంచి లోపలే వదిలేసి, తలుపు లాగి, వీధిలోకి వచ్చింది. లాండ్రీ వైపు తిరగలేదు.

డిపో గేటు దగ్గర టీ తాగుతున్న కండక్టరు ఆమెను గుర్తుపట్టాడు. “ఏం వదినా, అన్నయ్య భోజనం మర్చిపోయాడా?”

“లేదు తమ్ముడూ. నేనే ఒకటి అడగడం మర్చిపోయాను.”

“ఇంట్లో అడిగింది చాలక ఇక్కడికి కూడానా? పాపం మా అన్న!” అని నవ్వి, గ్లాసుతోనే దారి చూపించాడు. “మూడో షెడ్డులో ఉన్నాడు. తడవకుండా వెళ్ళు.”

షెడ్డులో ఒక బస్సు కడగడానికి సిద్ధంగా నిలబడి ఉంది. రెండు పక్కలా మనిషికి రెట్టింపు ఎత్తున గుండ్రటి కుచ్చు బ్రష్షులు. ఆయన లోపల సీట్ల కింద ఊడుస్తున్నాడు. ఆమె మెట్లెక్కి రావడం చూసి చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“పిల్లకేమైనా అయిందా?”

“పిల్ల బాగుంది. కూర్చోండి.”

ముందున్న కుర్రడ్రైవరు అద్దంలోంచి చూసి, “అక్కా, బస్సు కదుపుతున్నా, నీళ్ళు పడతాయి. కిటికీలు వేసున్నాయిలే,” అని కేకేశాడు. ఆయన వెళ్ళి ప్రయాణికులు కూర్చునే సీట్లో, కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. ఆయన నడిపిన రోజుల్లో ఆమె ఎప్పుడూ ముందు సీట్లో కూర్చుని, ఆయన వీపు చూస్తూ, జాగ్రత్త జాగ్రత్త అని లోపల అనుకుంటూ వెళ్ళేది. పక్కపక్కన కూర్చుని ఒక బస్సులో వెళ్ళడం ఇదే మొదలు. బస్సు మెల్లగా, నిద్రలో నడిచినట్టు, బ్రష్షుల మధ్యకు జరిగింది.

“తాళం ఎక్కడ పెట్టినా మీకెలా తెలుస్తోందండీ?” అంది ఆమె. “దాంతో మీకేం పని?”

సబ్బు నురగ కిటికీల మీద పడింది. ముందు ఆయన పక్క అద్దం, తర్వాత ఆమె ఎదురుగా ఉన్న అద్దం తెల్లబడ్డాయి. షెడ్డు పోయింది, ఊరు పోయింది. వెలుగు మాత్రం పాలల్లోంచి వచ్చినట్టు అన్ని వైపుల నుంచీ వచ్చి ఆయన చేతుల మీద పడింది. ఒళ్ళో పెట్టుకున్న చేతులు. నీళ్ళలో నాని వేళ్ళ కొసలు ముడతలు పడ్డాయి.

ఆయన ఆ ముడతలను బొటనవేలితో రుద్దుకున్నాడు.

ఆమె నాలుక చివర ఆయన జవాబులన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. పిల్ల కోసం చూసుంటారు. తాళం సరిగ్గా పడుతుందో లేదోనని చూసుంటారు. ఊరికే, ఏమీ తోచక. వాటిల్లో ఏ ఒక్కటి అందించినా ఆయన అవునన్నట్టు తలూపుతాడు. బస్సు దిగి ఆమె పనికి పోవచ్చు. మధ్యాహ్నానికి ఆ జవాబును తానే నమ్మేయవచ్చు కూడా. పెదవి పంటి కింద పెట్టి నొక్కింది. ఉప్పగా తగిలింది. వదల్లేదు.

బ్రష్షులు తిరగడం మొదలైంది. బస్సు ఒళ్ళంతా వణికింది. పెద్ద అడవిలోంచి వెళ్తున్నట్టు రెండు పక్కలా హోరు. నీలిరంగు కుచ్చులు అద్దాన్ని కొట్టి, పాకి, జారిపోతున్నాయి. ఆయన కళ్ళు ఎదుటి సీటు వీపు మీద ఉన్నాయి. ఆ కళ్ళ కింద నలుపు ఎప్పటి నుంచి ఉంది? మొద్దు నిద్ర అని కొట్టు పెద్దాయనతో అన్నప్పుడు కూడా ఉందా? ఇంతకాలం ఈ మౌనం గుమ్మంలోనే ఆమె మాటలు పోసి తలుపు మూసేసింది. అది ఇంత లోతుంటుందని, దానికి వెనక ఇన్ని గదులుంటాయని తెలియదు. ఇప్పుడు ఆయనతో పాటు తాను కూడా అందులో కూర్చుంది. భయం వేసింది. ఇన్నేళ్ళూ వేసిన భయాలన్నీ దీని ముందు తేలికగా కనిపించాయి. అయినా లేవలేదు.

ఆయన పెదవులు ఒకసారి విడివడి, అలవాటు ప్రకారం ఆమె మాట కోసం ఆగాయి. ఆమె ఇవ్వలేదు. మళ్ళీ మూసుకున్నాయి. ఆమె చెయ్యి చాచి ఆయన తడి చొక్కా చేతి అంచు పట్టుకుంది. పట్టుకుని అలాగే ఉంది.

హోరు వెనక్కి జారింది. మామూలు నీళ్ళు పడ్డాయి. నురగ తెగి పాయలు పాయలుగా కిందికి దిగింది. అద్దంలో ముందు ఒక గీత కనిపించింది, తర్వాత అది షెడ్డు స్తంభమైంది, దాని పక్కన గోడ, గోడకు ఆనించిన బకెట్లు, ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. కుర్రడ్రైవరు ఇంజను ఆపి దిగిపోయాడు. తలుపు తెరిచే ఉంది. పైకప్పు మీంచి చుక్కలు ఒకటీ అరా రాలుతున్నాయి. అవి కూడా ఆగిపోయాయి.

“కొనొద్దు,” అన్నాడు ఆయన. గొంతు జీరపోయి, ఎవరిదో అన్నట్టు వచ్చింది. తర్వాత ఆమె ముఖంలోకి చూస్తూ అన్నాడు: “నాకు నిద్ర పట్టదు, ఇంట్లో అడుగు పెడితే కళ్ళు ఆ తాళంచెవినే వెతుకుతాయి. దొంగ వస్తాడో రాడో. నేను రోజూ ఇంట్లోనే ఉంటాను.”